చెవి డబ్బా

మునిరత్న వంటింట్లో పోపు వాసనా, టంకం కాలిన వాసనా ఒకేసారి రావడం ఆ ఇంటికి కొత్త కాదు. గట్టుకు ఈ చివర పప్పు ఉడుకుతున్న గిన్నె, ఆ చివర సోల్డరింగ్ కడ్డీ. నడుమ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన చిన్న కంప్యూటరు, జాతర పోతు మెడలో దారాల్లాగా దాని ఒంటినిండా రంగురంగుల వైర్లు. మదనపల్లెలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, టమోటా రైతు రెడ్డెప్పకు భార్యగా ఈ కొండకింది పల్లెకు వచ్చిన నాటి నుంచీ ఆమె ఏదో ఒకటి విప్పుతూనో అతికిస్తూనో ఉంది. చీకటి పడగానే తనంతట తాను మూసుకునే కోళ్ల గూడు చేసింది. తొట్టి నిండితే ఈల వేసే గొట్టం చేసింది. అత్త సిద్దమ్మ బీపీ మాత్ర మరిచిపోతే, సిద్దమ్మ గొంతుతోనే "మాత్ర మింగినావా లేదా" అని గద్దించే గడియారం చేసింది. ఆ గడియారాన్ని సిద్దమ్మ వారం తిరక్కుండానే రోకలి దెబ్బతో చంపేసింది.

"నన్ను నేనే తిట్టుకునేదానికి నీ మిషను ఏంటికే నాకు?" అంది.

ఆ తర్వాత అత్తాకోడళ్లకు కొన్నాళ్లు మాటల్లేవు. వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఉంటే ఈ కథే లేదు. కిటికీ గూట్లో నూనె డబ్బాలో పెంచుకుంటున్న టమోటా మొక్కకు, అత్త పోసి ఉంటుందిలే అని కోడలు నీళ్లు పోయలేదు. కోడలు పోసి ఉంటుందిలే అని అత్తా పోయలేదు.

ఆ మధ్యాహ్నం మునిరత్న గబ్బిలాల కోసమని ఒక చెవి తయారుచేస్తోంది. గబ్బిలం కూత మనిషి చెవికి అందనంత సన్నం. కారు వెనక్కి పోయేటప్పుడు కీకీమని మొత్తుకునే పరికరం ఉంటుంది గదా, దాని లోపలి బిళ్లకు ఆ సన్నదనం అందుతుంది. బిళ్ల విన్నదాన్ని చిన్న కంప్యూటరు మన చెవికి సరిపడేంత లావు చేసి హెడ్‌ఫోనులోకి పంపాలి. పట్టపగలు గబ్బిలాలెక్కడివి, ఊరికే పని చేస్తుందో లేదో చూద్దామని ఆమె హెడ్‌ఫోను తగిలించుకుంది.

టక్.

కాసేపాగి, టక్ టక్.

అతుకు సరిగ్గా పడలేదనుకుంది. కరిగించి మళ్లీ అతికింది. టక్. వైరు మార్చింది. టక్ టక్ టక్. విసుగొచ్చి బిళ్లను వైర్లతో సహా తీసుకెళ్లి ఉప్పు జాడీ పక్కన పెట్టింది. చప్పుడు లేదు. మళ్లీ కిటికీ దగ్గర పెట్టింది. టక్. ఈసారి ఆమె చూపు వైర్ల మీద నుంచి లేచి, తల వాల్చేసిన టమోటా మొక్క మీద పడింది. చెంబుతో నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. పప్పు మాడుతున్న వాసన వస్తోంది. రానీ. టక్కులు పలచబడ్డాయి. ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత మౌనం.

పప్పు గిన్నెను అలాగే వదిలేసి, మొక్కున్న డబ్బాను చంటిబిడ్డలా చంకనెత్తుకుని, చిన్న కంప్యూటరు చేతిలో, హెడ్‌ఫోను మెడలో వేలాడుతుండగా మునిరత్న చేని దారి పట్టి పరుగెత్తింది. వీధి అరుగు మీద కూర్చున్న సిద్దమ్మ మాటల్లేని సంగతి మరిచిపోయి, "మే, ఇల్లు అంటుకునిందా ఏమి?" అని కేక పెట్టింది.

రెడ్డెప్ప చేలో చెట్లకు తీగ కడుతున్నాడు. భార్య ఆయాసంతో చెప్పిందంతా విని, మొహంలో ఏమీ కనబడనీయకుండా "చెట్టు మాట్లాడిందా" అన్నాడు.

"మాట్లాడిందని కాదయ్యా. చెట్టు ఒంట్లో సన్నని నీల్ల గొట్టాలుంటాయి. దప్పికయితే వాటిల్లో గాలి బుడగలు పగలతాయి. ఆ పగిలే సద్దు మనకు ఇనబడదు, దీనికి ఇనబడతాది. పెట్టుకో, చెవులకు పెట్టుకో!"

తలపాగా తీసి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. వంతు నీళ్లు అందక మూడొంతులు ఎండిన మూల అది. రెడ్డెప్ప కళ్లు పెద్దవయ్యాయి. మంగలంలో బొరుగులు పేలుతున్నట్టు చెవుల్నిండా చప్పుడు. నాలుగడుగులు తడి ఉన్న సాలువైపు వేశాడు, తగ్గింది. వెనక్కి వచ్చాడు, హోరెత్తింది. అట్లా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉన్నాడు. చివరికి హెడ్‌ఫోను తీసి చేతుల్లో పట్టుకుని, "ఇన్నాల్లూ ఇవి ఇట్లా మొత్తుకుంటా ఉంటే, నేను ఫోన్లో పాటలు పెట్టుకుని పని చేసినానా?" అన్నాడు.

రెడ్డెప్ప చేను నడిమిది. ఎగువన గంగులప్పది, దిగువన ఈశ్వరమ్మది. గంగులప్ప రెడ్డెప్పకు పెదనాన్న కొడుకు. ఈశ్వరమ్మ ఇంకో పెదనాన్న కోడలు, భర్త పోయాక సేద్యం తానే చేసుకుంటోంది. తాతల నాడు అంతా ఒకే చేను. పంపకాల్లో నేలను ముక్కలు చేయగలిగారు గానీ బావిని చేయలేకపోయారు. అందుకని రోజుకొకరి వంతు. వంతు మారేది పాలు పితికే వేళకని తాత చెప్పిపోయాడు. ఎవరి ఎనుము పాలు పితికే వేళకన్నది చెప్పకుండా పోయాడు. పెద్దవాడు గనక గంగులప్ప ఎనుమే లెక్క. తన వంతు ముగిసే పొద్దు ఆ ఎనుముకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. ఒళ్లు తోమేవాడు, తవుడు కలిపి పెట్టేవాడు, దూడను విడిచి మళ్లీ కట్టేవాడు. పాలచెంబు నిండేసరికి ఎండ నడినెత్తికొచ్చేది.

"ఎనుము పాలు చేపలా. నేనేం చేసేది?" అనేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావిలో మోటరు అప్పుడప్పుడూ గాలి పీల్చి గుర్రుమంటోంది. మూడు చేలూ పూత మీదికొచ్చాయి. టమోటాకు పూత మీద నీళ్లు తప్పితే ఆ కాపు పోయినట్టే. పోతే రెడ్డెప్ప మళ్లీ వలసపోయి ఏ ఇటుకల బట్టీ దగ్గరో పని వెతుక్కోవాలి. అందుకే మునిరత్న బావి దగ్గర ముగ్గురినీ నిలబెట్టింది.

"బావా, ఇన్నాల్లూ ఎనుమును నమ్ముకున్నాం. ఇంక చెట్లనే అడుగుదాం. చేనుకొక చెవి డబ్బా పెడతా. ఏ చేను ఎక్కువ ఏడిస్తే ఆ చేనికి నీల్లు వాటంతటవే తిరుక్కుంటాయి."

గంగులప్ప తువ్వాలు దులిపి నవ్వాడు. "చెట్టేడిస్తే నీల్లా? అట్లయితే నేనేడుస్తా, నాకియ్యి."

"నువ్వేడిస్తే యాడొస్తాయి బావా" అంది ఈశ్వరమ్మ. "నీ ఎనుమే నీ మొగం చూసి చేపడంలా."

వేడుక చూడ్డానికి వచ్చిన సిద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గంగులప్ప మొహం ఎర్రబడింది. "సరేమ్మా మునిరత్నా. నీ చెవి కథ ఇని, నా చేన్లో ఒక సాలుకు నిన్నట్నుంచి పైపు మూసి పెట్టినా. అది యాదో మీ డబ్బాను చెప్పమను. చెప్తే నా ఎనుమును బావి లెక్కలోంచి తీసేస్తా."

పైకి చూస్తే అన్ని సాళ్లూ ఒకే పచ్చన. మునిరత్న హెడ్‌ఫోను పెట్టుకుని, బిళ్లను దివిటీలా ముందు పట్టుకుని నడిచింది. ఒకచోట ఆగింది. మళ్లీ నడిచింది. మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంది. "ఇదే. దీని పక్కదానికి కూడా సరిగ్గా పోవడంలా బావా. పైపులో ఏదో అడ్డం పడినట్టుండాది."

గంగులప్ప పక్క సాలు పైపు విప్పి ఊదాడు. చీమల గూడొకటి మట్టితో సహా ఊడిపడింది. ఆయన చాలాసేపు ఆ మట్టినే చూశాడు. అందరూ బావి ఒర మీద చేతులేసి ఒప్పుకున్నారు.

పాత వాషింగ్ మెషీన్లలో నీళ్లు వదిలే వాల్వులు మదనపల్లె పాత సామాన్ల కొట్టులో దొరికాయి. ముగ్గురి ఇళ్లలో మూలపడ్డ స్టీలు టిఫిన్ డబ్బాలు చెవులకు ఇళ్లయ్యాయి. ఒక చిన్న సోలారు పలక, ఒక బ్యాటరీ, గాలి చప్పుడు సోకకుండా పాత రవిక గుడ్డ. మోటరు ఆడుతుంటే డబ్బాలు మూడూ తమ తమ చేల ఏడుపు లెక్కపెట్టి బావి దగ్గరి పెద్ద డబ్బాకు చెప్పేవి. ఎక్కువ ఏడ్చిన వైపు వాల్వు టప్పున తెరుచుకునేది. ఏడుపు తగ్గగానే మూసుకునేది. ఒకే చోట వింటే ఒక చెట్టు గోలే చేనంతటి గోలవుతుందని, మునిరత్న తమ చేని డబ్బాను రోజుకొక సాలుకు మార్చేది. మిగతా ఇద్దరికీ అలాగే చేయమని చెప్పింది. వాళ్లు చేశారా లేదా అని ఎవరూ అడగలేదు.

మొదటి వారం ఆమె నేల మీద నడిచిందా అంటే అనుమానమే. బావిలో నీళ్లు జానెడు పైకి లేచి నిలిచాయి. చెట్లు ఎంత అడుగుతున్నాయో అంతే తాగుతున్నాయి మరి. పురుగు కాండాన్ని తొలిచే చప్పుడు వేరుగా ఉందని కనిపెట్టింది. పొద్దున దోసె పోస్తూ కొత్త ప్రోగ్రాము ఆలోచించేది, మధ్యాహ్నం గిన్నెలు తోముతూ దాన్ని మార్చేది. దోసె మీద అట్లకాడతో బొమ్మ గీసి "ఇది గొట్టం, ఇది బుడగ" అని చెబుతుంటే రెడ్డెప్ప ఆ బొమ్మనే చట్నీలో ముంచుకుని తినేవాడు. పక్క ఊళ్ల నుంచి మోటరు సైకిళ్ల మీద వచ్చి హెడ్‌ఫోను పెట్టుకుని, నోరు తెరిచి నిలబడి పోయేవాళ్లు. వాళ్లలో ఒకాయన తన చెట్టు ఏడుపు ఎట్లుంటుందో వినాలని కొమ్మ విరుచుకుని తెచ్చాడు. విరిచిన కొమ్మ మామూలుగా కాదు, శోకాలు పెట్టింది. అందరూ "అబ్బో" అన్నారు. గంగులప్ప మాత్రం విరిగిన కొమ్మనే చూశాడు. సిద్దమ్మ కూడా.

సిద్దమ్మ కోడలితో మాట కలిపింది. కలపడమే కాదు, రోజూ పొద్దున్నే "నేనొకసారి చెట్లను పలకరించొస్తా" అని చేనికి పోవడం మొదలుపెట్టింది. కోడలు పొంగిపోయింది.

పూత పసుపు పచ్చగా విచ్చుకుంటున్న రోజుల్లో బావి దగ్గరి డబ్బా వింత లెక్కలు చూపించసాగింది. ఎగువ చేనికి నీళ్లు పోతున్నాయి, అయినా ఏడుపు తగ్గడం లేదు. నడిమి చేను అంతకంటే ఎక్కువ. వాల్వులు ఊపిరాడకుండా టప్పుటప్పుమని కొట్టుకుంటున్నాయి. బిళ్లకేదో అయిందనుకుని మునిరత్న గంగులప్ప చేనికి పోయింది. డబ్బా ఆయన పెట్టిన మొదటి చోటే ఉంది. దాని చుట్టూ ఉన్న చెట్ల కాండాలు చూసి నిలబడిపోయింది. బడిపిల్లల చెవులు మెలేసినట్టు ఒక్కో కాండాన్నీ మెలేశారు.

"బావా! ఏం పనిది?"

గట్టు మీద బీడీ కాలుస్తున్న గంగులప్ప లేవను కూడా లేదు. "ఏడ్చే బిడ్డకే పాలని మనోల్లు ఊరికే అన్నారా? నా చెట్లు రోషం గలవి. అంత తొందరగా ఏడవవు. రోంత గిల్లినా."

"గిల్లతారా ఎవరన్నా?"

"నేను గిల్లితే తప్పు, మీ అత్త గిల్లితే ముద్దా? పోయి చూసుకో పో. మీ ఇంటి కథ తెలీకుండా నన్నడగొస్తాది!"

మునిరత్న గట్టు దూకి తమ చేలోకి వచ్చింది. సిద్దమ్మ సాలు నడుమ గొంతుక్కూర్చుని ఉంది. చింతపండులో గింజ తీసినంత ఒడుపుగా వేళ్లు కదులుతున్నాయి. ఒక మెలి, పక్క చెట్టు. ఒక మెలి, పక్క చెట్టు.

"అత్తా!"

"కేకలేయద్దు మే, పై చేనోడికి ఇనబడతాది" అంది సిద్దమ్మ లోగొంతుకతో. "నువ్వేమో డబ్బాను దినామూ మారుస్తావు. రేపు యాడ పెడతావో నాకెట్లా తెలుస్తాది? అందుకని సాలు సాలుకూ నాలుగు నాలుగు మెలేసి పెట్టినా. ఆ గంగులుగాడు సోమరి, డబ్బా చుట్టూ మాత్రమే మెలేసినాడు. నీల్లు మనకే వస్తా ఉండాయా లేదా? చెప్పు."

ఆ గొంతులో గర్వం ఉంది. కోడలు చేసిన యంత్రానికి తన చేతనైన సాయం చేశానన్న గర్వం. మునిరత్న తిట్టబోయి ఆగింది. ఆమె నేలను చూస్తోంది. తడి మట్టి మీద పసుపు రంగు పూలు రాలి ఉన్నాయి. మెలేసిన చెట్ల కింద ఉంటే సరే. మెలి సోకని చెట్ల కింద, వేళ్ల దాకా తడిసి నిగనిగలాడుతున్న చెట్ల కింద, పూలు చాపలా రాలి ఉన్నాయి.

హెడ్‌ఫోను పెట్టుకుంది. మెలిపడ్డ చెట్టు ఆగకుండా మొత్తుకుంటోంది. పక్కదాని వైపు బిళ్ల తిప్పింది. దానికి దప్పిక లేదు, నిశ్శబ్దం. అలాగే పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి అది కూడా టక్ అంది. ఇంకాసేపటికి దాని పక్కది. ఊరి చివర ఒక కుక్క మొరిగితే వీధి వీధికీ అందుకున్నట్టు, ఏడుపు చెట్టు నుంచి చెట్టుకు పాకుతోంది. కరువొచ్చిందన్న కబురు విన్న ఇల్లాలు గాదెకు తాళం వేసినట్టు, ఏడుపు విన్న చెట్టల్లా తన పూతను రాల్చుకుంటోంది.

"ఇంటాయి!" అని అరిచింది మునిరత్న. "అత్తా, చెట్లు ఇంటాయి! ఒకదాని మాట ఒకటి ఇంటా ఉండాది!"

చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొట్టిన చేతులను అంతలోనే సిగ్గుతో కొంగులో దాచుకుంది. కాళ్ల కింద తన కాపే రాలుతోంది.

ఎండ వాలకముందే అందరినీ నడిమి చేలో కూడగట్టింది. ఈశ్వరమ్మ తల వంచుకుని వచ్చింది. ఆమె కూడా ఊరుకోలేదట, కాకపోతే మోకాళ్ల నొప్పి వల్ల గట్టు పక్క చెట్లతో సరిపెట్టుకుంది.

"డబ్బా ఆపేయ్, పీడ పోతాది" అన్నాడు గంగులప్ప.

"డబ్బా ఆపితే మనకు ఇనబడదు బావా. చెట్లకు ఇనబడేది ఆగుతాదా?" అంది మునిరత్న. "మెలేసిన గొట్టాలు అతుక్కోవు. నీల్లు పోసినా ఏడుస్తాయి. ఇదో ఈ గట్టు దగ్గర ఇను. నిన్న ఇక్కడ సద్దు లా. ఈ పొద్దు నీ చేనికి ఎక్కింది. కిందికి అక్క చేనికీ దిగింది. రేపు ఎండ ఎక్కేసరికి మూడు చేన్లలో పువ్వనేది మిగలదు."

"ఏం చేద్దామంటావు?" అని అడిగాడు రెడ్డెప్ప.

ఆమె మొగుడి మొహం చూడకుండా చెప్పింది. ఎగువా దిగువా మెలేసిన చెట్లు కొన్నే గనక వాటిని మాత్రం పీకేస్తే చాలు. నడిమి చేలో మెలి పడని సాలు లేదు. కొండకు మంటంటుకుంటే అడ్డంగా గడ్డి కోసి దారి చేసినట్టు, నడిమి చేను మొత్తం పీకేయాలి.

సిద్దమ్మే మొదట తేరుకుంది. "నా కొడుకు చేను పీకి వాల్లను బతికించాల్నా? ఎట్లా పుట్టినావే నువ్వు!"

"మునిరత్న మంచి మాటే చెప్పింది" అన్నాడు గంగులప్ప తొందరగా.

"మంచి మాట మనకు గదా బావా" అంది ఈశ్వరమ్మ. "రెడ్డెప్పకా?"

రెడ్డెప్ప ఒక చెట్టును పట్టుకుని చూస్తున్నాడు. ఉసిరికాయంత కాయలు రెండు, ఆకుల చాటున. నారు పోసింది అతనే, నాటిందీ అతనే. చివరికి తలెత్తాడు. "పీకుతా అన్నా. ముందు మాటియ్యి. రెండు చేన్లలో ఏది పండినా మూడు పాల్లు."

"నేనిస్తా ఉండా" అని ఈశ్వరమ్మ చెయ్యి చాపి అతని అరచేతిలో వేసింది.

గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇవ్వనని కాదు నాయనా. ఎరువు నాది, మందులు నావి, కూలీలను నేను తెచ్చుకున్నా. మూడు పాల్లంటే న్యాయమేనా? నాలుగు పాల్లేసి ఒకటిన్నర..."

ఆయన గట్టు మీద తన చేని చెట్టు పక్కనే నిలబడి ఉన్నాడు. మాట్లాడుతుండగానే ఆయన భుజం మీది తువ్వాలు మీద ఒక పువ్వు రాలింది. దులిపేసుకున్నాడు. "ఒకటిన్నర నాకు, మిగతాది..." చెప్పు మీద ఇంకొకటి పడింది. మోచేతి మీద ఒకటి. గంగులప్ప నోరు మూసుకుని చుట్టూ చూశాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. గట్టు పొడుగునా, తన చేలో, ఒక్కొక్క పువ్వే తొడిమె దగ్గర తెగి మెల్లగా కింద పడుతోంది.

"మూడు పాల్లే!" అని కేక పెట్టాడు. "మూడు పాల్లే నాయనా, మా తాత మీద ఆన! పీకండి! నిలబడి చూస్తారేంది, బిన్నె పీకండి!"

"కత్తి పెట్టొద్దండి!" మునిరత్న పరుగెత్తుతూ అరిచింది. "కోస్తే ఇంకా ఏడుస్తాయి. వేర్లతో పీకి, చేన్లకు దూరంగా పేడగుంత కాడికి!"

తీగలు తెంపారు, ఊతకట్టెలు లాగి పారేశారు. ఎనుము చేపలేదని పొద్దెక్కేదాకా కాలయాపన చేసే గంగులప్ప పంచె ఎగ్గట్టి, ఒక్కో చేత్తో రెండేసి చెట్లు పీకుతున్నాడు. ఈశ్వరమ్మ మోకాళ్లను తిట్టుకుంటూ మోపులు మోస్తోంది. మునిరత్న హెడ్‌ఫోనుతో గట్ల వెంట ఉరుకుతూ, "ఆ మూల ఇంకా ఉండాది! అక్కా, నీ ఎడం పక్క! కాదు, దాని పక్కది!" అని పురమాయిస్తోంది. రెడ్డెప్ప నాటినప్పుడు ఎంత వరసగా నాటాడో అంత వరసగా, ఒక సాలు ముగిశాకే ఇంకో సాలు పట్టుకున్నాడు. ఉసిరికాయంత కాయలు దారి పొడుగునా దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

సిద్దమ్మ ఒక్కతే గట్టు మీద కూర్చుని ఉంది. పీకలేదు, అడ్డమూ రాలేదు.

పొద్దు కొండ మీదికి ఒరిగేవేళకు ఎగువా దిగువా మెలిపడ్డవి పోయాయి, నడిమి చేను బోడి నేలయింది. పేడగుంత దగ్గర పచ్చటి గుట్ట లేచింది. మునిరత్న దాని దగ్గరికి పోయి బిళ్ల పెట్టింది, పెట్టిన మరుక్షణమే హెడ్‌ఫోను పీకేసుకుంది.

సిద్దమ్మ లేచి వచ్చి చెయ్యి చాపింది. "ఇట్లీ" అంది.

"వద్దత్తా."

"ఇట్లీ అంటా ఉంటే."

ఊరూరి జనం విన్నారు గానీ, ఆ హెడ్‌ఫోను సిద్దమ్మ ఏనాడూ చెవికి పెట్టలేదు. ఇప్పుడు కొప్పు ముడి జారకుండా జాగ్రత్తగా పెట్టుకుంది. చూస్తుండగానే ఆమె దవడ బిగిసింది. తన వేళ్ల వంక చూసుకుంది. "ఇంతగానా?" అని ఎవరినో అడిగింది.

తర్వాత పీకేవాళ్లకని పక్కనే తెచ్చిపెట్టిన తాగే నీళ్ల బిందెను దగ్గరికి లాక్కుని, దోసిలితో తీసి ఆ వాడిన గుట్ట మీద పోయడం మొదలుపెట్టింది. ఒక దోసిలి ఇక్కడ, ఒక దోసిలి అక్కడ.

"అమ్మా, తాగే నీల్లవి" అన్నాడు రెడ్డెప్ప. చేతుల్నిండా ఆకుల పసరు. "చచ్చేవాటికి ఏంటికి పోస్తావు?"

"చచ్చేవాటికి గాక బతికేవాటికి పోస్తారంట్రా నోట్లో నీల్లు?"

రెడ్డెప్ప వంగి బిందెను వంచి పట్టుకున్నాడు, ఆమె దోసిలికి అందేటట్టు. బావి దగ్గర ఈశ్వరమ్మ మోటరు వేసింది. ఎగువకూ దిగువకూ ఒకేసారి నీళ్లు వదిలారు. గంగులప్ప గట్టు మీద చతికిలబడి, రొప్పుతూ, తన చెట్ల పూత వైపు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పోయిన పూత పోయింది. నిలిచింది నిలుస్తుందా అన్నదే ఇప్పుడు అందరి ప్రాణం.

సిద్దమ్మ గుంత అంచున కూర్చునే ఉంది. చుట్టూ పనులు ఆగాయి, మాటలు ఆగాయి. ఆమె కదల్లేదు. చాలాసేపటికి తల అటూ ఇటూ తిప్పి, ఇంకొంచెం విని, హెడ్‌ఫోను తీసి కోడలి చేతికిచ్చింది.

"ఆగిపోయినాయి" అంది. "పోయి ఆ బతికినేవి ఏమంటా ఉండాయో ఇను."

మునిరత్న బిళ్ల పట్టుకుని ఎగువ చేని గట్టెక్కింది. వెనకాలే రెడ్డెప్ప, కుంటుకుంటూ ఈశ్వరమ్మ. గంగులప్ప నోట్లో బీడీ ఉంది, అంటించలేదు. ఆమె ఒక సాలు దాటింది, రెండో సాలు దగ్గర కూర్చుంది. కళ్లు మూసుకుంది. లేచి దిగువకు పరుగెత్తింది, అక్కడా వింది. మళ్లీ పైకి పరుగెత్తుకొచ్చింది.

"ఏమంటా ఉండాయి మే?" గంగులప్ప ఉండబట్టలేక అడిగాడు. "చెప్పు తల్లీ, ఏమంటా ఉండాయి?"

మునిరత్న ఒగరుస్తూ, నవ్వుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చెయ్యి ఊపింది.

"ఏమీ అనడంలా బావా. తాగతా ఉండాయి."